ఆరు గిగాహెర్ట్జ్ చాలట్లేదా? ఈసారి మీ ఓవర్‌క్లాకింగ్ ప్రశ్నలు

ఎండలు ముదిరితే చాలు, ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో వేడి గొడవే ఎక్కువ. ఈసారి చాలామంది ఓవర్‌క్లాకింగ్ గురించే, అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువలో నడిపించడం గురించే అడిగారు కాబట్టి వాటిల్లో ఆరు ఉత్తరాలు ఏరి ఒకచోట పెట్టాం. అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగినవాళ్లు కోప్పడకండి, మీ జవాబు పక్కవాళ్ల ఉత్తరంలో దొరుకుతుంది.

ప్రశ్న: విజయవాడలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. 2024 మొదట్లో ఇంటెల్ కోర్ ఐ9-14900కె ప్రాసెసర్, జెడ్790 మదర్‌బోర్డు, 360 ఎంఎం లిక్విడ్ కూలర్ పెట్టి సిస్టం కట్టించుకున్నాను. డబ్బా మీద 6 గిగాహెర్ట్జ్ అని ఉంది కదా, దాని కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు) అన్నీ 6 మీద నడవాలని నా కోరిక. ఒక వీడియోలో చెప్పినట్టు 1.45 వోల్టులు పెట్టాను. ప్రాసెసర్‌ని పూర్తి బరువుతో పరీక్షించే సినీబెంచ్ మొదలెట్టగానే 100 డిగ్రీలు చూపిస్తోంది. కూలర్ మార్చాలా?

జవాబు: ముందు ఆ 1.45 తీసేయండి. మిగతాది తర్వాత చదువుదురుగాని, ముందు వెళ్లి తీసేసి రండి.

డబ్బా మీది 6 గిగాహెర్ట్జ్ అన్ని కోర్లకీ ఇచ్చిన మాట కాదండీ. ఆ చిప్‌లో పెద్ద కోర్లు 8, చిన్నవి 16. పెద్దవాటిలో బాగా పరిగెత్తే ఒకటి రెండు కోర్లు, పని తేలిగ్గా ఉండి చిప్ చల్లగా ఉన్నప్పుడు కాసేపు 6ని తాకి వస్తాయి, అంతే. అన్నీ కలిసి బరువు మోసేటప్పుడు అంతకంటే తక్కువలోనే నడుస్తాయి, అలా నడిపించినా కంపెనీ లెక్క ప్రకారమే 253 వాట్ల దాకా లాగుతాయి. అంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పటికే దాన్ని చివరి అంచు దాకా తోసి పంపారు. మీరింకా తొయ్యాలంటే వోల్టేజి పెంచడం తప్ప దారి లేదు, అసలు చిక్కంతా అక్కడే.

వేగం 10 శాతం పెంచితే వేడి కూడా 10 శాతమే పెరిగితే ఎవరికీ ఏ బాధా ఉండదు. కానీ చిప్ మింగే కరెంటు వేగంతో మామూలుగా పెరిగితే, వోల్టేజితో వర్గంలో పెరుగుతుంది. మాటవరసకి 5 గిగాహెర్ట్జ్ నుంచి 5.5కి తీసుకెళ్లి, అది నిలబడటానికి 1.20 వోల్టుల్ని 1.35 చేశారనుకోండి. వేగం 1.1 రెట్లు, వోల్టేజి పెరుగుదల వర్గం 1.266 రెట్లు, రెండూ గుణించండి, దాదాపు 1.39 వస్తుంది. 10 శాతం వేగం కోసం 39 శాతం ఎక్కువ వేడి. మీకు దక్కేది ఆ 10 శాతం కూడా కాకపోవచ్చు, ఎందుకంటే పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్‌లో బరువైన ఎన్‌కోడింగ్ పనిని మామూలుగా గ్రాఫిక్స్ కార్డో, ప్రాసెసర్‌లోనే ఉండే క్విక్ సింక్ అనే వీడియో భాగమో చేసేస్తాయి. కోర్లు 5.5 మీద నడిచినా 5.7 మీద నడిచినా పెళ్లికూతురి వాళ్లకి పెన్‌డ్రైవ్ వెళ్లే టైం పెద్దగా మారదు.

కూలర్ మార్చాల్సిన పని లేదు. మీ ఊరి ఎండకి ఏ కూలరైనా తల వంచాల్సిందే. కూలర్ చల్లదనాన్ని తయారుచెయ్యదు, చిప్ వేడిని గది గాలిలోకి నెడుతుంది, అంతే. ఏసీలో గది 26 డిగ్రీలున్నప్పుడు చిప్ 85 చూపిస్తే, మే నెల మధ్యాహ్నం ఏసీ లేక గది 40కి వెళ్లినప్పుడు అదే పనికి అటూఇటూగా 99 చూపిస్తుంది. ఈ చిప్ హద్దు 100, అది తాకగానే తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి జనవరిలో రాత్రిపూట పరీక్షించి 'స్టేబుల్' అనుకున్న సెట్టింగుని నమ్మకండి. మీ ఊళ్లో పరీక్ష ఏప్రిల్ తర్వాతే.

ఇంకో ముఖ్యమైన సంగతి, మీ చిప్‌కి ప్రత్యేకంగా. 13, 14 తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని తమకి కావలసినదానికంటే ఎక్కువ వోల్టేజి అడిగి తీసుకుని, క్రమంగా లోపలే దెబ్బతిని, ఊరికే క్రాష్ అవడం 2024లో పెద్ద గొడవైంది. దానికితోడు చాలా బోర్డులు కరెంటు హద్దుల్ని దాదాపు ఎత్తేసి 4095 వాట్లని పెట్టి అమ్మేవి, అంటే హద్దు లేనట్టే. ఇంటెల్ ఆ ఏడాది ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బి అనే మైక్రోకోడ్‌లు (చిప్ లోపలి పనితీరుని సరిదిద్దే చిన్న ప్రోగ్రాములు) ఇచ్చింది, వారంటీని కూడా రెండేళ్లు పొడిగించి డబ్బాతో కొన్న చిప్‌లకి ఐదేళ్లు చేసింది. మీరు 2024 మొదట్లో కొన్నారు, బయోస్ (కంప్యూటర్ లేవగానే ముందు నడిచే, ఈ మైక్రోకోడ్‌ని మోసుకొచ్చే బోర్డు ప్రోగ్రాము) అప్‌డేట్ చేసినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. ముందు బోర్డు కంపెనీ సైట్ నుంచి కొత్త బయోస్ దింపి ఎక్కించండి. మైక్రోకోడ్ ఇక ముందు జరిగే నష్టాన్ని ఆపుతుంది, జరిగిపోయినదాన్ని బాగుచెయ్యదు. కాబట్టి అన్నీ డిఫాల్ట్‌లో ఉన్నా గేమ్ తెరిచేటప్పుడు 'వీడియో మెమరీ చాలదు' అని అబద్ధం చెప్పడం, పెద్ద జిప్ ఫైలు విప్పేటప్పుడు తప్పులు రావడం కనిపిస్తే ఓవర్‌క్లాకింగ్ మాట మర్చిపోయి వారంటీకి పంపండి.

చిప్ బాగానే ఉందని తేలితే అప్పుడు ఇలా చేయండి. బయోస్‌లో 'ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్' ఎంచుకుని, 253 వాట్లు, 307 ఆంపియర్ల హద్దులు ఉన్నాయో లేదో చూసుకుని, వేడి, వోల్టేజి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో పక్కన పెట్టుకుని సినీబెంచ్ అరగంట నడిపి స్కోరు, వేడి, వోల్టేజి కాగితం మీద రాసుకోండి. మొబైల్‌లో స్క్రీన్‌షాట్ కాదు, కాగితమే, ఎందుకంటే సిస్టం లేవనప్పుడు మీ చేతిలో ఉండేది అదే. తర్వాత వోల్టేజి పెంచకండి, తగ్గించండి. ఆఫ్‌సెట్ పద్ధతిలో, అంటే చిప్ అడిగేదాంట్లోంచి కొంత కోసే పద్ధతిలో, 0.025 వోల్టు తగ్గించి మళ్లీ నడపండి, బాగుంటే ఇంకో 0.025. ఎక్కడో ఒకచోట క్రాష్ అవుతుంది, అక్కణ్ణించి ఒకటి రెండు మెట్లు వెనక్కి వచ్చి ఆగండి. వేడి తగ్గిన మేర చిప్ తనే ఎక్కువసేపు ఎక్కువ వేగంతో నడుస్తుంది, మీరు వేగం అంకె ముట్టుకోనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: వోల్టేజి తగ్గించాక గిగాహెర్ట్జ్ అంతే చూపిస్తున్నా స్కోరు పడిపోతే చిప్ లోపలి రక్షణ పనిచేసి గుట్టుచప్పుడు కాకుండా బ్రేకు వేస్తోందని అర్థం, కాబట్టి అంకెని కాదు స్కోరుని చూడండి.

లోడ్‌లైన్ క్యాలిబ్రేషన్ అనే సెట్టింగు కనిపిస్తే 'ఎక్స్‌ట్రీమ్'లో పెట్టకండి. బరువు పడినప్పుడు వోల్టేజి కొంచెం కుంగడం సహజం, కుంగకూడదని బిగించి పట్టుకుంటే బరువు తీసెయ్యగానే ఒక్క క్షణం మీరు పెట్టినదానికంటే పైకి ఎగురుతుంది. ఆ ఎగురుడు సాఫ్ట్‌వేర్ మీటర్లలో కనపడదు కూడా.

ప్రశ్న: నమస్తే. మాది కరీంనగర్. మా అబ్బాయి ఇంజినీరింగ్ సెకండియర్. లక్షన్నర పెట్టి కంప్యూటర్ కొనిచ్చాం. ఇప్పుడు వాడు ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ చేస్తానంటున్నాడు. అది పేలిపోతుందా? కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది? నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: పేలదమ్మా. మరీ వేడెక్కితే ముందు నెమ్మదిస్తుంది, అప్పటికీ ఆగకపోతే తనంతట తనే ఆగిపోతుంది. ఆ విషయంలో ఇప్పటి ప్రాసెసర్లు మన పిల్లలకంటే బుద్ధిమంతులు. అసలు భయపడాల్సింది వేడికంటే ఎక్కువగా వోల్టేజికి. అది ఎక్కువ పెడితే పొగ రాదు, చప్పుడు ఉండదు, ఆరు నెలలో ఏడాదో గడిచాక ఉన్నట్టుండి అస్తమానం ఆగిపోవడం మొదలవుతుంది. కాబట్టి మీరు మీ వాణ్ణి ఒకటే అడగండి, 'వోల్టేజి ఎంత పెట్టావు, పెట్టకముందు ఎంత ఉండేది' అని. తడుముకోకుండా రెండు అంకెలు చెప్తే చేసుకోనివ్వండి. 'అదంతా ఆటోలో ఉందమ్మా' అంటే ఆపండి, ఎందుకంటే చాలా బోర్డులు ఓవర్‌క్లాక్ చేసేటప్పుడు ఆటోలో అవసరానికి మించే ఇస్తాయి.

బిల్లుకి లెక్క చెప్తాను. అదనంగా 100 వాట్లు, రోజుకి నాలుగు గంటలు అనుకుంటే నెలకి 12 యూనిట్లు. మీ శ్లాబు ఎంతో చూసుకుని గుణించుకోండి. వాడి గదిలో ఫ్యాను చాలక ఏసీ అడిగితే మాత్రం ఆ ఖర్చు వేరే.

ఇంకోటి, ఇది ఓవర్‌క్లాక్ చేసినా చెయ్యకపోయినా. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ ప్లగ్గుకి ఎర్తింగ్ సరిగా ఉందో లేదో చూపించండి. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందని వాడు ఎప్పుడైనా అన్నాడా? అని ఉంటే ఎర్తింగ్ సరిగా లేదనే.

వారంటీ సంగతి కూడా చెప్పాలి. వేగం, వోల్టేజి మార్చడం వల్ల చిప్ పోతే మామూలు వారంటీ కిందకి రాదని ఇంటెల్, ఏఎండీ రెండూ తమ షరతుల్లో రాసుకున్నాయి. పోతే పోయింది అనుకోగలిగితేనే దిగాలి.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి. నాది ఏఎండీ రైజెన్ 9 7950ఎక్స్ ప్రాసెసర్. కోర్లకి వెళ్లే వోల్టేజిని తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్‌లో అన్ని కోర్లకీ మైనస్ 30 పెట్టాను. సినీబెంచ్ గంటసేపు నడుస్తుంది, గేమ్‌లూ బాగున్నాయి. కానీ రాత్రి ఏదో డౌన్‌లోడ్ పెట్టి పడుకుంటే పొద్దున్నకి రీస్టార్ట్ అయి ఉంటోంది. బరువు పనికి పడిపోనిది ఖాళీగా ఉన్నప్పుడు ఎందుకు పడిపోతోంది? పైగా ఎప్పుడూ 95 డిగ్రీలే.

జవాబు: ఈ మైనస్ 30 ఒక అంటువ్యాధి. ఎవరో ఒకరికి కుదిరింది, ఆ స్క్రీన్‌షాట్ ఊరంతా తిరిగింది. మీ చిప్ వేరు, ఆయన చిప్ వేరు. ఒకే పొలంలో పండిన మామిడికాయలే ఒకటి తీపి, ఒకటి పులుపు.

ఖాళీగా ఉన్నప్పుడు పడిపోవడమే దీని అసలు లక్షణం. పదహారు కోర్లూ కలిసి పనిచేసేటప్పుడు వేగం తక్కువ, అందుకని వోల్టేజి కాస్త కోసినా సర్దుకుంటుంది. అర్ధరాత్రి అందరూ పడుకున్నాక ఏదో చిన్న పని వచ్చి ఒక్క కోరు లేచి 5.7 గిగాహెర్ట్జ్ దాకా దూకుతుంది చూడండి, ఆ దూకుడుకి కావలసిన వోల్టేజి మీరు కోసేసిన దాంట్లో ఉంటుంది. సినీబెంచ్‌లో ఇది ఎప్పటికీ బయటపడదు. కోర్‌సైక్లర్ అని ఉచితంగా దొరికే పనిముట్టు ఉంది, ఒక్కో కోరునీ విడిగా పట్టుకుని పరీక్షిస్తుంది, దాన్ని రాత్రంతా నడపండి. విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిచి 'డబ్ల్యూహెచ్‌ఈఏ' అని మొదలయ్యే తప్పులు వెతకండి, చాలాసార్లు తడబడ్డ కోరు ఏదో అక్కడ దొరికిపోతుంది. మామూలుగా చిప్‌లో అన్నిటికంటే మంచివని ముద్రపడ్డ రెండు కోర్లే ముందు పడతాయి, వాటికి అసలే ఎక్కువ వేగం అప్పగించారు కాబట్టి. వాటికి మైనస్ 5తోనో 10తోనో మొదలుపెట్టి, మిగతావాటికి 15, 20 ఇచ్చి చూడండి. మూడు నాలుగు రాత్రులు పోతాయి. విసుగు పనే.

95 గురించి భయపడకండి. 7000 తరం పెద్ద చిప్‌లని అలాగే తయారుచేశారు, బరువు పనిలో 95 తగిలేదాకా వేగం పెంచుకుంటూ పోయి అక్కడ ఆగుతాయి. ఇంకా మంచి కూలర్ పెడితే 95 తగ్గకపోవచ్చు, వేగం పెరుగుతుంది. ఆ అంకె చూస్తే నిద్ర పట్టదనుకుంటే కరెంటు తక్కువ లాగే ఎకో మోడ్‌లో 105 వాట్లు ఎంచుకోండి. 170 వాట్ల చిప్ అన్నమాటే గానీ నిజంగా 230 దాకా లాగేది, అలాగే ఎకోలో 105 అన్నా నిజంగా 142 దగ్గర ఆగుతుంది. వేగం తగ్గుతుందిగానీ కరెంటు తగ్గినంత తగ్గదు. నా సొంత సిస్టం అలాగే నడుస్తోంది, ఓవర్‌క్లాకింగ్ శీర్షిక రాసేవాడు ఈ మాట చెప్పకూడదేమో.

ప్రశ్న: ప్రాసెసర్‌ని ముట్టుకోను, ర్యామ్‌ని దాని డబ్బా మీది వేగంతో నడిపే ఎక్స్‌పో సెట్టింగు ఒక్కటే ఆన్ చేస్తాను. అది ఓవర్‌క్లాకింగ్ కాదు కదా? 2023లో కాలిపోయిన ఏఎండీ 7800ఎక్స్3డి ప్రాసెసర్ల ఫోటోలు చూసినప్పటి నుంచి అనుమానం. (గుంటూరు)

జవాబు: అదీ ఓవర్‌క్లాకింగే. ర్యామ్‌తో మాట్లాడే మెమరీ కంట్రోలర్ ఉండేది ప్రాసెసర్ లోపలే. 7800ఎక్స్3డి అధికారిక మెమరీ వేగం 5200, మీరు 6000 కిట్ కొని ఎక్స్‌పో నొక్కితే పైదంతా అదనమే. ఆ 2023 గొడవకి కూడా మూలం ఇక్కడే. ఎక్స్‌పో ఆన్ చేసినప్పుడు కొన్ని బోర్డులు ఎస్ఓసీ వోల్టేజి, అంటే ఆ మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి వెళ్లేది, అవసరానికి మించి పంపాయి. తర్వాత ఏఎండీ దానికి 1.3 వోల్టుల హద్దు పెడుతూ కొత్త బయోస్‌లు ఇప్పించింది. మీ బయోస్ ఆ తర్వాతదే అయి ఉండాలి, హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఎస్ఓసీ 1.3 దాటకూడదు, చాలా కిట్లకి 1.2 దగ్గరే సరిపోతుంది. ఈ రెండూ చూసుకుంటే 6000 హాయిగా వాడుకోండి. నన్నడిగితే ప్రాసెసర్‌ని పీడించడం కంటే దీనివల్లే ఎక్కువ లాభం. ఆన్ చేశాక ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ మాత్రం ఒక రాత్రి నడపండి, ర్యామ్ తప్పులు సిస్టంని పడగొట్టకుండానే మీ ఫైళ్లని పాడుచేస్తాయి.

ప్రశ్న: అనంతపురంలో ఉంటాను, కరెంటు చెప్పాపెట్టకుండా పోతుంది. 600 వీఏ యూపీఎస్ ఉంది. దానిమీద పెట్టుకుని ఓవర్‌క్లాక్ పరీక్షలు చేయొచ్చా? చిప్‌కీ కూలర్‌కీ మధ్య మామూలు పేస్టు బదులు లిక్విడ్ మెటల్ పూస్తే పది డిగ్రీలు తగ్గుతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: 600 వీఏ అంటే 600 వాట్లు కాదు, ఆ రకం చాలావాటికి 360 వాట్లే, వెనక స్టిక్కర్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. పెద్ద ప్రాసెసర్ ఒక్కటే 250 లాగుతుంటే గ్రాఫిక్స్ కార్డుకి ఏం మిగులుతుంది? కరెంటు పోయిన క్షణంలో యూపీఎస్ కీచుమని అరిచి అదీ పోతుంది. పరీక్ష మధ్యలో కరెంటు పోతే మహా అయితే ఫైలు పోతుంది, బయోస్ ఎక్కిస్తుండగా పోతే మాత్రం బోర్డే లేవదు. ఆ ఐదు నిమిషాల పనికి మాత్రం యూపీఎస్ బాగానే సరిపోతుంది, బయోస్‌లో ఉన్నప్పుడు సిస్టం పెద్దగా లాగదు. బోర్డు వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందేమో చూసుకోండి, ఉంటే బోర్డు లేవకపోయినా పెన్‌డ్రైవ్‌తో మళ్లీ బతికించుకోవచ్చు.

లిక్విడ్ మెటల్ జోలికి పోకండి. అందులో గాలియం ఉంటుంది, అల్యూమినియం తగిలితే తినేస్తుంది, ఒక్క చుక్క జారి బోర్డు మీద పడితే షార్ట్. మామూలు పేస్టు మంచిది తీసుకుని సరిగా బిగిస్తే చాలు. బిగించడం అంటే గుర్తొచ్చింది. చాలా ఏళ్ల కిందట నేను రెండు రోజులు తలపట్టుకున్నాను, వోల్టేజి ఎంత తగ్గించినా వేడి దిగదు, పేస్టు మూడుసార్లు మార్చాను, చివరికి మా తమ్ముడు కూలర్ ఊడదీసి, దాని అడుగున నేను తియ్యకుండా వదిలేసిన కవరు చూపించి 'అన్నయ్యా, ఈ ప్లాస్టిక్ కాగితం తియ్యాలనుకుంటా' అన్నాడు. అప్పటినుంచి ఎవరు వేడి గురించి అడిగినా నా మొదటి ప్రశ్న అదే. పంపు వైరు సరైన పిన్నుకి పెట్టారా అనేది రెండోది.

ప్రశ్న: తిరుపతిలో రిటైరై ఉంటున్నాను. 1999లో సెలెరాన్ 300ఏ ప్రాసెసర్ కొని, 300 మెగాహెర్ట్జ్ దాన్ని 450 మీద ఏళ్లతరబడి నడిపాను, ఒక్క రోజు మొరాయించలేదు. ఇప్పటి కుర్రాళ్లు 2 శాతం కోసం ఇంత హైరానా పడుతున్నారేమిటి? ఆ రోజులు ఎందుకు రావు?

జవాబు: మీ ఉత్తరం చదివి కాసేపు పని మానేశానండీ. చిప్, బోర్డు మాట్లాడుకునే దారి అయిన 66 మెగాహెర్ట్జ్ బస్సుని 100 చేస్తే 4.5 గుణకంతో 300 కాస్తా 450 అయ్యేది, ఏకంగా 50 శాతం, అదీ చాలా చిప్‌లకి వోల్టేజి ముట్టుకోకుండానే. చిప్ లోపలే పూర్తి వేగంతో నడిచే 128 కేబీ క్యాష్ (చేతికందేంత దగ్గరి మెమరీ) ఉండేది కాబట్టి ఖరీదైన పెంటియం 2తో సమానంగా నిలబడేది. అప్పట్లో కంపెనీ 450కి పనికొచ్చే సరుకుని 300 ముద్ర కొట్టి చవగ్గా అమ్మేది, తేడా మన జేబులో పడేది. ఇప్పుడు ప్రతి చిప్‌ని విడిగా పరీక్షించి ఎవరికెంత సత్తా ఉందో దానికి తగ్గ పేరు, ధర పెడుతున్నారు. అప్పటికీ ఏమైనా మిగిలితే టర్బో పేరుతో చిప్ తనే క్షణక్షణం వాడేసుకుంటుంది. మీరు బయోస్‌లో చేసిన పని ఇప్పుడు చిప్ తనంతట తనే సెకనుకి ఎన్నోసార్లు చేసుకుంటోంది. కుర్రాళ్లకి మిగిలింది ఆ అడుగు బొడుగే.

ఆ సిస్టం ఇంకా అటక మీద ఉందా? ఉంటే ఒకేసారి ప్లగ్గు పెట్టి స్విచ్ నొక్కకండి. ముందు బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బాయేమో చూడండి, దుమ్ము బ్రష్‌తో దులపండి, సీఆర్2032 బ్యాటరీ కొత్తది వెయ్యండి, పాత పవర్ సప్లైని మాత్రం నమ్మకండి. లేచాక బయోస్ తెరిచి బస్సు 66 మీద ఉందో 100 మీద ఉందో చూసి మాకో ముక్క రాయండి.